ప్రాజెక్టుకీ ప్రాజెక్టుకీ మధ్య ఐదు రోజులు: చిన్న స్టూడియోకి ఒక పద్ధతి

చెన్నైలో వడపళని, సాలిగ్రామం వైపు యాడ్లు, డిజైన్లు చేసే చిన్న స్టూడియోల్లో ఖాళీ దానంతట అది వస్తే భయంగానే ఉంటుంది. ఫోన్ మోగదు, అద్దె తేదీ దగ్గరపడుతుంది. అలాంటి ఖాళీలో విశ్రాంతీ ఉండదు, పనీ ఉండదు. పనికొచ్చే ఖాళీకి ముందే డబ్బు చూసుకోవాలి, తేదీ వేసుకోవాలి. ఆ రెండూ ప్రాజెక్టు ఒప్పుకునే రోజే తేలాలి. డెలివరీ అయ్యాక చూద్దాం అనుకుంటే అప్పటికే ఇంకో క్లయింటు వచ్చి సోఫాలో కూర్చుని ఉంటారు.

లెక్క ఇలా వేయండి. ఆరుగురున్న చోట జీతాలు, అద్దె, కరెంటు, సాఫ్ట్‌వేర్ చందాలు కలిపి నెలకి 4,40,000 అనుకుందాం. 22 పనిదినాలకి పంచితే రోజుకి 20,000. ఆరు వారాల ప్రాజెక్టంటే 30 పనిదినాలు, 6,00,000. తర్వాతి ఐదు రోజుల ఖాళీకి ఇంకో లక్ష. ఈ లక్షని కొటేషన్‌లో విడిగా చూపించారో, క్లయింటు మొదట కొట్టేసేది ఆ వరుసనే. రోజు రేటులోనే కలిపేయండి: 7,00,000ని 30తో భాగిస్తే సుమారు 23,300. లాభం దీని మీద వేసుకోవాలి. ప్రతి వాయిదా చేతికి రాగానే జీఎస్టీ, లాభం తీసేసి మిగిలినదాంట్లో ఏడో వంతు వేరే ఖాతాకి మార్చండి. రోజువారీ ఖర్చుల ఖాతాలోనే ఉంచితే మాత్రం ఖాళీ రోజులు వచ్చేసరికి ఆ డబ్బు కనిపించదు.

బాకీ ఆలస్యమైతే ఈ ఏర్పాటంతా కూలుతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి కేంద్ర ప్రభుత్వ నమోదు) చేయించుకుని ఆ నంబరు ప్రతి బిల్లు మీదా వేయండి. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. గడువు దాటితే, చెల్లించేదాకా ఆ ఖర్చుకి క్లయింటుకి ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు. ఇది వాళ్ల అకౌంటెంటుకి తెలుసు, మనం గొంతు పెంచక్కర్లేదు.

తేదీలు ఎప్పుడు వేయాలి? బట్టలు, నగల కొట్ల యాడ్లు చేసేవాళ్లకి చెన్నైలో తమిళుల ఆడి నెల అనుకూలం. అది జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. ఆడి తళ్లుపడి, అంటే తగ్గింపు అమ్మకాల యాడ్లు నెల మొదలయ్యేసరికే డెలివరీ అయిపోతాయి, శుభకార్యాలు ఉండవు కాబట్టి కొత్త ప్రారంభోత్సవాలూ తక్కువే. నెల్లూరు, విజయవాడ క్లయింట్లు కూడా ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి: ఆడి సౌరమానం, మన ఆషాఢం చాంద్రమానం, రెండూ ఒకే రోజు మొదలవవు. ఆడి ఇంకా నడుస్తుండగానే శ్రావణం వచ్చి వరలక్ష్మీ వ్రతం యాడ్లు మీద పడొచ్చు. పంచాంగం చూసి రెండూ కలిసే రోజుల్లోనే ఖాళీ పెట్టుకోండి.

చాలామంది చేసే తప్పు, మాస్టర్ ఫైలు (పూర్తయిన చివరి ఫైలు) పంపిన మర్నాడే తాళం వేయడం. "సార్, చిన్న కరెక్షన్" అనే ఫోను సరిగ్గా అప్పుడే వస్తుంది. ఒప్పందంలో కరెక్షన్లకి మూడు పనిదినాలు రాసి, అవి గడిచాకే ఖాళీని లెక్కపెట్టండి. ఆ తర్వాత అడిగే మార్పులకి విడి బిల్లు.

మొదటి రోజు సర్దుడు. ప్రాజెక్టు ఫైళ్లకి మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీల్లో, ఒకటి స్టూడియో బయట. వాడిన ఫైళ్లన్నీ ఒకచోట చేర్చడానికి ప్రీమియర్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్ట్ మేనేజర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో కలెక్ట్ ఫైల్స్ వాడండి. రిజాల్వ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోర్ట్ ప్రాజెక్ట్ నొక్కితే ఎడిట్ ఒక్కటే వస్తుంది, ఫుటేజీ రాదు. ప్రాజెక్ట్ ఆర్కైవే చేయాలి. కాపీ అయ్యాక ఇంకో మెషీన్‌లో తెరిచి చూడకపోతే ఆ పని సగమే అయినట్టు. తెలుగు డిజైన్లకి మరో చిక్కుంది: అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఆ ఫాంటు లేని మెషీన్‌లో అక్షరాలన్నీ పిచ్చి గీతలవుతాయి. మార్చుకోదగ్గ ఫైలు, అవుట్‌లైన్ చేసిన (అక్షరాలని బొమ్మలుగా మార్చిన) ఫైలు, మ్యాటరు యూనికోడ్‌లో, మూడూ ఒకే ఫోల్డరులో ఉండాలి. లెన్సులు 40-50 శాతం తేమ ఉండే డ్రై క్యాబినెట్‌లోకి వెళ్లాలి, ఈ ఊరి గాలిలో బయట వదిలేస్తే బూజు పడుతుంది. వాడని లిథియం బ్యాటరీలని సగం చార్జితో ఉంచండి.

రెండు, మూడు రోజులు తలుపు మూసేయండి. వాట్సాప్ గ్రూపులు కూడా.

నాలుగో రోజు అనుకున్న గంటలు ఒక పక్కన, నిజంగా పట్టినవి ఇంకో పక్కన రాయాలి. తేడా ఎక్కువగా తేలేది తమిళ యాడ్‌కి తెలుగు వెర్షన్ దగ్గర. "డబ్బింగే కదా" అని ఒక రోజు వేస్తారు. లిప్ సింక్‌కి మాటలు మార్చడం, తెర మీద అక్షరాలు, ఎండ్ కార్డు, మళ్లీ మిక్సింగు... ఒక రోజులో తెమిలే పని కాదది. ఆ తేడాని వచ్చే కొటేషన్ ఫైల్లో ఆ రోజే దిద్దండి.

ఐదో రోజు ఎవరికి నచ్చింది వాళ్లు చేస్తారు: పాత ఫుటేజీతో ఆట, చేతిరాత, కొత్త ప్లగిన్. సాయంత్రం అందరికీ చూపించాలన్న నియమం కూడా వద్దు. దీన్ని చెడగొట్టేది సాధారణంగా యజమానే: "బాగుందే, క్లయింటుకి చూపించే పిచ్‌లో పెట్టేద్దామా?" అన్న క్షణం నుంచి అది మళ్లీ ఉద్యోగమే.

కొత్త బ్రీఫ్ (క్లయింటు ఇచ్చిన పని వివరం) ఆరో రోజు పొద్దున తెరవండి, అడ్వాన్సు ఖాతాలో పడిందో లేదో ముందు చూసుకుని.