ఘాటు మిరప విత్తనాలు కొనేటప్పుడు ఇవి చూడండి

ఇంట్లో ఘాటు మిరప వేద్దామనుకునేవాళ్ళు ప్యాకెట్ మీద బొమ్మ చూసి మాత్రం కొనకండి, మెరిసే నీలం మిరప అంటూ పెట్టే ఫోటోలన్నీ ఎడిటింగే. రకం పేరు, ప్యాక్ చేసిన తేదీ ఉండాలి, పాతబడేకొద్దీ మొలక తగ్గిపోద్ది. కరోలినా రీపర్, హబనెరో లాంటి బాగా ఘాటు రకాలైతే అమ్మేవాళ్ళని ఒక్కటే అడగండి, పూతకి వల కట్టి గింజ తీశారా లేక అన్ని రకాలు పక్కపక్కనే వేసి తీశారా అని, ఎందుకంటే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి, కాయ మామూలుగానే కనిపిస్తుంది గానీ లోపల గింజ కల్తీ అయిపోయుంటుంది, ఆ సంగతి మీ మొక్క కాపుకొచ్చాక గానీ తెలీదు. మళ్ళీ వేసుకోడానికి గింజ దాచుకునే ఉద్దేశం ఉంటే ఎఫ్1 హైబ్రిడ్ (రెండు రకాలు కలిపి తీసిన మొదటి తరం విత్తనం) వద్దు, దాని గింజ వేస్తే అదే రకం రాదు. అన్నట్టు రీపర్ మొలవడానికి 3, 4 వారాలు కూడా పట్టొచ్చు, వెచ్చగా ఉంచండి, వారానికే అమ్మినోణ్ణి తిట్టకండి.