పవర్ బ్యాంకు రాత్రంతా పెట్టినా రెండు లైట్లేనా?

మొన్న మా బావ చిత్తూరు నుంచి వచ్చాడు. పొద్దున 5 గంటలకు అలిపిరిలో మెట్లెక్కడం మొదలుపెట్టాలని లెక్క. రాత్రి 10కి తన 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకును మా హాల్లో స్విచ్ బోర్డుకు తగిలించి పడుకున్నాడు, నాలుగున్నరకు లేచి చూస్తే నాలుగు లైట్లలో ఒకటి వెలుగుతోంది, రెండోది ఇంకా మినుకు మినుకుమంటోంది. "ఏం బామ్మర్దీ, మీ తిరప్తి కరెంటు ఇంతేనా?" అన్నాడు. కరెంటుది తప్పు లేదు, పవర్ బ్యాంకుదీ తప్పు లేదు. ఇలాంటివి నా దగ్గరికి చాలానే వస్తాయి, పది కేసుల్లో ఎనిమిదింటికి జబ్బు బ్యాంకు బయటే ఉంటుంది. అందుకే కొత్తది కొనేముందు ఇది చదవండి.

రాత్రంతా పెట్టినా సగం కూడా ఎక్కలేదు

ముందు అడాప్టర్ తిప్పి, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న అవుట్‌పుట్ చదవండి. బావ తెచ్చింది ఏదో పాత ఫోనుతో వచ్చినది, 5 వోల్టులు, 1 ఆంపియర్. అంటే 5 వాట్లు. 20000 ఎంఏహెచ్ అనే అంకె లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గర వేసిన లెక్క, అంటే 74 వాట్-అవర్లు (74 వాట్లతో గంటసేపు ఎక్కించేంత). 5 వాట్లతో, మధ్యలో వేడి రూపంలో పోయేది కూడా కలుపుకుంటే, నిండడానికి సుమారు 17 గంటలు పడుతుంది. ఆరున్నర గంటల్లో రెండో లైటు దగ్గర ఉందంటే అది నిదానం కాదు, లెక్క ప్రకారమే ఉంది! 10 వాట్ల అడాప్టర్ అయితే దాదాపు 9 గంటలు, 18 వాట్లది అయితే 5, 6 గంటలు. టీవీ వెనక పోర్టుకో పాత ల్యాప్‌టాప్‌కో తగిలించేవాళ్లకు ఒక దండం, మామూలు యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 2.5 వాట్లే.

ఫోనుకు 65 వాట్ల చార్జర్ ఉంది, దాంతో పెట్టినా నత్త నడకే

ఇది ఎక్కువమంది మోసపోయే చోటు. ఆ 65 వాట్లు చాలాసార్లు ఆ కంపెనీ ఫోనుకు మాత్రమే, అది కూడా దాని సొంత కేబుల్‌తోనే. వేరే వస్తువు తగిలిస్తే రెండింటికీ భాష కలవదు, 5 వోల్టులకు దిగిపోయి 10 వాట్లో అంతకు కొంచెం అటూ ఇటో ఇస్తుంది. పవర్ బ్యాంకు వెనక ఇన్‌పుట్ చూడండి. 5 వోల్టులు 2 ఆంపియర్లు అని ఒక్కటే రాసి ఉంటే ఏ చార్జర్ పెట్టినా 10 వాట్లకు మించదు, అక్కడితో ఆశ వదిలేయండి. 9 వోల్టులు 2 ఆంపియర్లు అని కూడా ఉండి, పీడీ (పవర్ డెలివరీ, వేగంగా చార్జ్ చేసే పద్ధతి) అని రాసి ఉంటే 20 వాట్ల పీడీ అడాప్టర్ తీసుకుని, రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్ వాడండి. ఒక వైపు పాత పెద్ద పిన్ను ఉన్న కేబుల్‌లో పీడీ పనిచేయదు.

అడాప్టర్ సరైనదే, అయినా తేడా లేదు

కేబుల్. నేను ముందు అనుమానించేది ఎప్పుడూ దీన్నే.

అరంగుళం పైపుతో డాబా మీద ట్యాంకు నింపితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. లోపలి రాగి తీగ సన్నగా ఉంటే వోల్టేజీ దారిలోనే పోతుంది. 28 గేజ్ (ఈ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం) తీగతో చేసిన మీటరు పొడవు కేబుల్‌లో 2 ఆంపియర్లు పంపితే, పోను రాను కలిపి 0.8 వోల్టుకు పైగా హరించుకుపోతుంది, 5 అనుకున్నది అటు చేరేసరికి 4.2 కూడా ఉండదు. అది చూసి బ్యాంకులోని చిప్ తనే లాగడం తగ్గించుకుంటుంది. అదే 24 గేజ్ అయితే నష్టం 0.35 లోపే. గాంధీ రోడ్డులో బండి మీద కుప్పగా పోసి అమ్మే కేబుళ్లలో కొన్ని బయటికి లావుగా ఉంటాయి, ఒకటి కోసి చూశాను, పైన అంతా రబ్బరే, లోపల తీగ తల వెంట్రుకలంత.

చిన్న యూఎస్‌బీ మీటర్ ఒకటి దొరుకుతుంది, కొనిపెట్టుకోండి. కాకపోతే దాన్ని అడాప్టర్ వైపు గుచ్చితే వోల్టేజీ ఎప్పుడూ బాగానే కనబడుతుంది, దాన్ని నమ్మకండి. ఆంపియర్లు చూడండి. అదే అడాప్టర్, అదే బ్యాంకు, కేబుల్ మాత్రం మార్చి చూస్తే మా ఇంట్లో 1.1 ఉన్నది 1.9కి వచ్చింది. మీటర్ లేకపోయినా పర్లేదు, ఒకసారికి ఒక్కటే మార్చండి. మూడూ ఒకేసారి మారిస్తే దొంగ ఎవరో తెలీదు.

మూడు లైట్ల దాకా చకచకా, నాలుగోదానికి యుగాలు

రోగం కాదు. లిథియం సెల్ 4.2 వోల్టులకు చేరాక కరెంటును మెల్లగా తగ్గిస్తూ నింపాలి, లేకపోతే సెల్‌కే ప్రమాదం. తొందరుంటే మూడు లైట్లతోనే బయల్దేరండి.

రాత్రి బాగానే ఎక్కుతుంది, మధ్యాహ్నం ఎక్కదు

మే నెల తిరుపతి గురించి మీకు నేను చెప్పాలా! ఈ సెల్స్‌ను మామూలుగా 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు, వేడెక్కితే మంచి బ్యాంకులు తమంతట తామే నెమ్మదిస్తాయి లేదా ఆపేస్తాయి. కిటికీ గట్టు మీద, పరుపు మీద, సంచిలో పెట్టి చార్జ్ చేయొద్దు. ఫ్యాను కింద గచ్చు మీద పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టే తెలివి వద్దు, బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది.

ఒక పక్క బ్యాంకు చార్జ్ అవుతుండగానే దాన్నుంచి ఫోనుకు లాగుతుంటే కూడా ఇదే కథ, వచ్చింది వచ్చినట్టే పోతుంది. ఫోను తీసేయండి. పిన్ను వదులుగా ఉంటే టార్చి వేసి చూడండి, జేబులోని నూలు ముద్ద కట్టి ఉంటుంది, ఆఫ్ చేసి పళ్లు కుట్టుకునే పుల్లతో తీయండి, గుండుసూది వద్దు.

నెలల తరబడి బీరువాలో ఉంది, ఇప్పుడు లైటే వెలగదు

సెల్ 3 వోల్టుల కంటే కిందికి పడిపోతే చిప్ మొదట చుక్క చుక్కగానే ఎక్కిస్తుంది. మామూలు 10 వాట్ల అడాప్టర్‌కు పెట్టి, కంటి ముందే ఓ గంట ఉంచండి. అప్పటికీ కదలిక లేకపోతే అది పోయినట్టే. ఇక పొట్ట ఉబ్బినదైతే ఏ పరీక్షలూ వద్దు, వాడటం ఆపేయండి, పొడవకండి, చెత్త బండిలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వండి.

బావ ఆ రోజు ఉన్న చార్జితోనే కొండెక్కాడు. ఆ మూడో వంతు కూడా ఫోను ఒకసారి నింపడానికి చాలు, ఎలాగూ దర్శనానికి ముందు ఫోను కౌంటర్లో ఇచ్చేయాల్సిందేగా. తిరిగి వెళ్తూ నా 20 వాట్లది పట్టుకుపోయాడు. ఆయన వదిలేసిన అడాప్టర్ మా అమ్మ కీప్యాడ్ ఫోనుకు సరిగ్గా సరిపోయింది.