పెళ్లికి ముందు తలసీమియా పరీక్ష: ముందు ఎవరికి చేయించాలి, రిపోర్టు ఎవరి చేతికివ్వాలి

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఖమ్మంలో 26 ఏళ్లుగా రక్తం తీస్తున్నాను. సంబంధం ఖాయం చేసుకోబోయే ఇళ్లవాళ్లు ఈమధ్య తరచుగా అడుగుతున్నారు, "అక్కా, తలసీమియా టెస్ట్ అంటున్నారు, చేయించాలా?" అని. చేయించాలి. కానీ నేను చెప్పిన వరసలో చేయించండి. తలసీమియా అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బు, ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగ్గా తయారవదు.

ముందు అబ్బాయికి చేయించండి. మన దగ్గర ఏ పరీక్షైనా అమ్మాయితోనే మొదలవుతుంది, అందుకే గట్టిగా చెబుతున్నాను. బిడ్డకు బీటా తలసీమియా మేజర్, అంటే రక్తం ఎక్కించుకుంటూనే ఉండాల్సిన తీవ్రమైన రకం, రావాలంటే లోపమున్న జన్యువు తల్లి నుంచీ రావాలి, తండ్రి నుంచీ రావాలి. ఒక్కరి నుంచే వస్తే ఆ బిడ్డ క్యారియర్ అవుతుంది, అంతే. క్యారియర్‌కి జబ్బు ఉండదు, మందు అక్కర్లేదు. కాబట్టి అబ్బాయి రిపోర్టు శుభ్రంగా వస్తే, అమ్మాయి రక్తంలో ఏముందో అత్తింటివాళ్లకు తెలియాల్సిన పనే లేదు.

ఈ వరస నేను తప్పు చేసి నేర్చుకున్నది. చాలా ఏళ్ల క్రితం, అప్పుడు పనిచేస్తున్న చోట, ఒకమ్మాయి రిపోర్టు తీసుకోవడానికి పెళ్లికొడుకు తల్లి వచ్చింది. "కాబోయే కోడలే కదమ్మా" అంది. ఇచ్చేశాను. హెచ్‌బీఎ2 అనే హిమోగ్లోబిన్ రకం 5.4 శాతం ఉంది, అంటే క్యారియర్. వారం తిరక్కుండా ఊళ్లో "పిల్లకి రక్తంలో జబ్బట" అని పాకింది, సంబంధం తప్పిపోయింది. అబ్బాయికి అసలు పరీక్షే చేయలేదు. ఆ పిల్ల నా కౌంటర్ దగ్గరికొచ్చి, "మేడమ్, నా రిపోర్టు నాకెందుకివ్వలేదు?" అంది. ఏం చెప్పాలో తెలియక రిజిస్టర్ తిరగేస్తూ కూర్చున్నాను. ఆ రోజు నుంచి రక్తం ఎవరిదైతే కవరు వాళ్ల చేతికే.

ఇక పరీక్ష సంగతి. పరగడుపున రానక్కర్లేదు, టీ తాగి రండి. ఊదారంగు మూత ట్యూబులో రెండు మూడు మిల్లీలీటర్లు తీస్తాం. సీబీసీ (రక్తకణాల లెక్క), హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలు విడదీసి చూసే పరీక్ష) రెండూ రాయించుకోండి. మూడు నెలల్లోపు రక్తం ఎక్కించుకుని ఉంటే ముందే చెప్పండి. ఎక్కించిన దాత రక్తం కలిసి ఫలితం తారుమారవుతుంది.

సీబీసీలో ఎంసీవీ (ఎర్రకణం సైజు) 80 కంటే, ఎంసీహెచ్ (ఒక్కో ఎర్రకణంలో ఉండే హిమోగ్లోబిన్) 27 కంటే తక్కువ ఉంటే అనుమానించాలి. ఐరన్ లోపంలోనూ అవి తగ్గుతాయి, కానీ క్యారియర్‌లో ఎర్రకణాల సంఖ్య మాత్రం తగ్గకుండా, చాలాసార్లు మామూలు కంటే ఎక్కువే ఉంటుంది. హెచ్‌పీఎల్‌సీలో హెచ్‌బీఎ2 3.5 శాతం దాటితే సాధారణంగా బీటా తలసీమియా క్యారియర్ అని లెక్క. సరిగ్గా ఆ అంచున ఉంటే కంగారుపడొద్దు, నిశ్చింతగానూ ఉండొద్దు. ఐరన్ లోపం ఎ2ని కొంచెం కిందికి లాగుతుంది. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష) చూపించుకుని, అవసరమైతే ఐరన్ వాడి మళ్లీ చేయించుకోవాలి, లేదా డీఎన్‌ఏ పరీక్షకు వెళ్లాలి. "ఒంట్లో రక్తం లేదు" అంటూ ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగిన క్యారియర్లను ఎంతమందిని చూశానో! ఫెరిటిన్ చూడకుండా ఆ మాత్రలు మొదలెట్టకండి.

సికిల్ సెల్, అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు, కూడా ఈ హెచ్‌పీఎల్‌సీలోనే బయటపడుతుంది. అది ఎక్కువగా కనిపించే భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్లకు నేను ప్రత్యేకంగా చెబుతాను. ఒకరు సికిల్ క్యారియర్, ఒకరు తలసీమియా క్యారియర్ అయినా బిడ్డకు తీవ్రమైన జబ్బే రావచ్చు. మేనరికాల్లో ఇంకా జాగ్రత్త. మేనమామా మేనకోడలూ ఒకే ఇంటి రక్తం, ఒకరిలో ఉన్న జన్యువు రెండోవారిలోనూ ఉండే అవకాశం బయటివాళ్లకంటే ఎక్కువ.

ఇద్దరూ క్యారియర్లే అని తేలితే? ప్రతి కాన్పులోనూ బిడ్డకు మేజర్ వచ్చే అవకాశం 25 శాతం, క్యారియర్ అయ్యేది 50, ఏమీ లేకపోయేది 25. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనుకునేవాళ్లున్నారు. ప్రతిసారీ లెక్క మళ్లీ మొదట్నుంచే. పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నది ఆ ఇద్దరూ తేల్చుకోవాల్సింది, పెదనాన్నలూ మధ్యవర్తులూ కాదు. సైప్రస్‌లో పెళ్లికి చర్చిలో సర్టిఫికెట్ చూపించాలి. అందులో పరీక్ష చేయించుకున్నారు, సలహా విన్నారు అని మాత్రమే ఉంటుంది, ఫలితం ఉండదు. నాకు బాగా నచ్చిన పద్ధతి అది.

ఇద్దరూ క్యారియర్లైన జంటకు పెళ్లయ్యాక గర్భం నిలిస్తే రోజులు లెక్కపెట్టుకోవాలి. గర్భం రాకముందే ఇద్దరి డీఎన్‌ఏలో ఏ మార్పు ఉందో కనిపెట్టించుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే మార్పు పేరు ఐవీఎస్ 1-5. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (కేంద్ర ప్రభుత్వ డీఎన్‌ఏ పరిశోధన సంస్థ) లాంటి చోట్ల ఈ పరీక్షలున్నాయి. 11 నుంచి 13 వారాల మధ్య స్కానింగ్‌లో చూస్తూ మాయ నుంచి చిన్న ముక్క తీసి, బిడ్డకు ఏం వచ్చిందో చూస్తారు. గర్భం పోయే ముప్పు కొద్దిగా ఉంటుంది, అది డాక్టర్ చెప్పాకే సంతకం పెట్టండి. లింగం అడగొద్దు, వాళ్లు చెప్పడం నేరం. ఫలితం మేజర్ అని వస్తే గర్భం ఉంచుకోవాలా వద్దా అన్న నిర్ణయం తల్లిది. చట్టప్రకారం 18 నిండిన స్త్రీ సమ్మతి చాలు, భర్త సంతకం అక్కర్లేదు.

"ఇలాంటి పిల్లలు పుట్టకపోవడమే మేలు కదా" అని కొందరు నా ముందే అంటుంటారు, వెనక బెంచీ మీద ఆ పిల్లలు కూర్చుని ఉండగా. మూడు వారాలకోసారి వచ్చే పదేళ్ల వాడొకడున్నాడు. చొక్కా చేతులు వాడే మడుచుకుంటాడు. "పోయినసారి కుడి చెయ్యి, ఇవాళ ఎడమ" అని గుర్తుచేస్తాడు. రక్తం ఎక్కించడం, ఒంట్లో పేరుకునే ఐరన్‌ని దించే మాత్రలు, అన్నకో చెల్లికో సరిపోలితే ఎముక మజ్జ మార్పిడి, మాకు అందుబాటులో ఉన్న దారులివి. 2024 జనవరిలో అమెరికాలో 12 ఏళ్లు నిండిన తలసీమియా రోగులకు జన్యువును సరిచేసే చికిత్స, క్యాస్‌జెవీ, ఆమోదం పొందింది. అప్పటి ధర 22 లక్షల డాలర్లు. వాడి తల్లి ఆ సంగతి ఫోన్లో చూసి నన్నడిగింది. ధర చెప్పకుండా "అమెరికాలో ఉందమ్మా" అన్నాను.

రిపోర్టు ఫొటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. ఇద్దరూ ఒకరిది ఒకరు చూసుకుంటే చాలు.

మొన్న శనివారం ఒకబ్బాయి ఒక్కడే వచ్చాడు. తాంబూలాలు వచ్చే నెలట, తనే ముందు చేయించుకుంటానని అమ్మాయితో చెప్పాడట. సూది గుచ్చేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుని, "రిపోర్టు నాకే ఇస్తారుగా మేడమ్? మా నాన్నగారు ఫోన్ చేస్తే?" అన్నాడు. ఆధార్ కార్డు పట్టుకుని సోమవారం సాయంత్రం నువ్వే రా బాబూ అన్నాను.