లైబ్రరీలో మేకర్ స్పేస్ పెడుతున్నారా? ముందు ఒక్క బల్ల చాలు

బడి లైబ్రరీలో పిల్లలు చేతులతో ఏదైనా తయారుచేసుకునే చోటు పెట్టాలనగానే చాలామంది త్రీడీ ప్రింటర్ ధర కనుక్కుంటారు. దానికి తొందరేం లేదు. బళ్లలో ఇలాంటి చోట్ల కోసమే కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకంలో గ్రాంటు 20 లక్షల దాకా ఉంది కానీ, దానికి మామూలుగా 1,500 చదరపు అడుగుల చోటు కావాలి. అంత చోటు లేని బడి కిటికీ పక్కన ఒక బల్లతో మొదలుపెట్టొచ్చు.

అట్టపెట్టెలు, కత్తెరలు, ఫెవికాల్, రాగి టేపు, చిన్న ఎల్‌ఈడీలు, 3 వోల్టుల బటన్ సెల్స్. మొదటి నెలకు ఇవి సరిపోతాయి. ఎల్‌ఈడీకి రెండు కాళ్లుంటాయి. పొడుగు కాలు సెల్ ప్లస్ వైపు, పొట్టి కాలు మైనస్ వైపు ఆనించగానే వెలుగుతుంది. ఆరో తరగతి పిల్ల మొదటిసారి దాన్ని వెలిగించినప్పుడు ఆ ముఖం చూడాలి! తిరగేసి పెడితే వెలగదు. ఎందుకో వెంటనే చెప్పేయకండి, కాసేపు తంటాలు పడనివ్వండి. బటన్ సెల్స్ మాత్రం లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకుని, తాళం వేయండి. చిన్నపిల్లలు మింగితే ప్రాణాపాయం.

పనిముట్లను గోడమీద అట్టకు తగిలించి, ఒక్కోదాని చుట్టూ స్కెచ్ పెన్నుతో గీత గీయండి. బెల్ కొట్టేసరికి ఏది తిరిగి రాలేదో ఆ ఖాళీ బొమ్మే చూపిస్తుంది. ఇంటికి తీసుకెళ్లేవి పుస్తకాల్లాగే రిజిస్టర్‌లో రాసి ఇవ్వండి.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది సగంలో ఆగిన పనులతోనే. పీరియడ్ అయిపోతుంది, బొమ్మ మాత్రం అవదు. అందుకే బీరువాలో ఒక అర ఖాళీ చేసి, పిల్లల పేర్లు రాసిన బూట్ల అట్టపెట్టెలు అందులో సర్దండి. వారం తర్వాత వచ్చినా ఎక్కడ ఆపారో అక్కడినుంచే అందుకుంటారు.