చచ్చిన హార్డ్ డిస్క్ పాఠాలు – 4: మొదటి చెయ్యి ఎవరిది పడాలి

ఈ పాఠం చచ్చిన డిస్క్‌లోంచి డేటా తిరిగి తీసే రికవరీ సర్వీసుని ఎంచుకోవడం గురించి. దానికి ముందు ఒక సవరణ ఉంది. పోయిన పాఠంలో ఒక వాక్యం రాసి, దాని ఫలితం ఇప్పుడు అనుభవిస్తున్నాను. "డిస్క్‌కి ఒక్కసారి కరెంటిచ్చి చప్పుడు వినండి, పది సెకన్లు చాలు" అన్నాను. ఆ తర్వాత వచ్చిన ఆడియోలు వింటే నాకు దిమ్మ తిరిగింది. ఒకాయన నాలుగు నిమిషాల టక్ టక్ రికార్డు చేసి పంపాడు, చివర్లో వాళ్ళావిడ "ఇంకా అదే పనిలో ఉన్నారా" అనడం కూడా వినపడుతోంది. ఇంకొకాయన పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పంపి "సార్, సాయంత్రానికి చప్పుడు కొంచెం తగ్గింది, దారిలో పడుతున్నట్టేనా?" అని అడిగాడు. దారిలో పడటం కాదండీ, అది అరిచే ఓపిక కూడా తగ్గిపోవడం.

తప్పు సగం నాదే. పది సెకన్లన్నాను గానీ పదే ఎందుకో చెప్పలేదు. మామూలు ల్యాప్‌టాప్ డిస్క్‌లో డేటా ఉండే గుండ్రటి పళ్ళెం నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. ఆ డేటాని చదివే, రాసే హెడ్ దాని మీద ఆనకుండా, కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మన వెంట్రుక మందం దీనికి వేల రెట్లు. టక్ మనే చప్పుడంటే చాలాసార్లు హెడ్ బయలుదేరి, పళ్ళెం మీద తన దారి గుర్తులు చదవలేక, వెనక్కి వచ్చి మళ్ళీ బయలుదేరడం. ఆ హెడ్ వంగి ఉంటే ఏ చుట్టులోనైనా పళ్ళేన్ని గీకొచ్చు. నాలుగు నిమిషాలంటే 21,600 చుట్లు. ఆ ఆడియో కోసం ఆయన ఎన్ని ఫోటోలు ఖర్చు పెట్టాడో ఆ దేవుడికే తెలియాలి.

కాబట్టి సవరణ: ఒకసారి వినండి అంటే జీవితంలో ఒకసారి. నాకు పంపక్కర్లేదు.

ఇంకో ఇద్దరు విండోస్ "ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయాలి" అని అడిగితే క్యాన్సిల్ కొట్టారు, అంతవరకు భేష్. ఆ తర్వాత చెక్‌డిస్క్, అంటే డిస్క్‌లో తప్పులు సరిదిద్దే విండోస్ ప్రోగ్రామ్, నడిపారు. చెక్‌డిస్క్‌కి మీ పెళ్ళి వీడియోలతో పనిలేదు, ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే చిట్టా, లెక్క సరిపోతే చాలు. లెక్క సరిపెట్టడానికి ఆ డిస్క్ మీదే రాస్తుంది, ముక్కలు దొరికితే ఫౌండ్.000 అని ఒక ఫోల్డర్ చేసి అందులో పడేస్తుంది. దెబ్బతిన్న డిస్క్ మీద దాన్ని నడపకూడదు. ఇక డిస్క్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి డీప్ ఫ్రిజ్‌లో పెట్టినావిడకి విడిగా జవాబు రాశాను. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది, పళ్ళెం మీద నీటి చుక్క హెడ్‌కి కొండతో సమానం.

సరే, ఇక అసలు పాఠం, రికవరీ సర్వీసుని ఎంచుకోవడం. ఇమేజ్ తీయడం, అంటే డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కాపీ తీయడం, గురించి రెండో పాఠంలో ఉంది, మళ్ళీ చెప్పను. బ్యాకప్ పెట్టుకోండి అని అసలే చెప్పను, ఆ మాట మీకు ఇంట్లో ఇప్పటికే అని ఉంటారు.

ముందు మీ కేసు ఏ రకమో తేల్చుకోండి. డిస్క్ మామూలుగా తిరుగుతోంది, చప్పుడు బాగుంది, ఫైళ్ళు పొరపాటున చెరిగాయంటే మీకు క్లీన్ రూమ్ (డిస్క్ మూత తెరవడానికి వాడే దుమ్ములేని గది) అక్కర్లేదు, ఆ పేరు చెప్పి పెద్ద బిల్లు వేసేవాడూ అక్కర్లేదు. అసలు కదలికే లేకపోతే అది డిస్క్‌కి బిగించిన సర్క్యూట్ బోర్డు కావచ్చు. పన్నెండు వోల్టుల డిస్క్‌కి ల్యాప్‌టాప్ ఛార్జర్ గుచ్చితే బోర్డు మీద రక్షణగా పెట్టిన చిన్న డయోడ్ ఒక్కటే పోయి మిగతాదంతా బతికే ఉండొచ్చు. టక్ టక్ అంటే హెడ్ అని అనుమానించండి. మూడూ కాని రకం ఒకటుంది: డిస్క్ తిరుగుతుంది, చప్పుడు బాగుంటుంది, కంప్యూటర్‌కి మాత్రం కనపడదు, లేదా సైజు సున్నా చూపిస్తుంది. 2008 చివర, 2009 మొదట్లో సీగేట్ బారకుడా 7200.11 డిస్కులు ఫర్మ్‌వేర్ (డిస్క్‌ని లోపలి నుంచి నడిపే ప్రోగ్రామ్) లోపంతో ఇలాగే మొండికేశాయి. వాటిలో హెడ్లు బాగున్నాయి, డేటా బాగుంది, ఫర్మ్‌వేర్‌తో మాట్లాడటం తెలిసినవాడు కావాలి, అంతే. అలాంటిదాన్ని తెరిచి చూడటమంటే కంట్లో నలుసు పడిందని తల కోసి చూడటం.

బోర్డు గురించి ఒక మాట, ఎందుకంటే ముగ్గురు అడిగారు. అదే మోడల్ పాత డిస్క్ కొని, దాని బోర్డు మన దానికి బిగించేస్తే సరిపోతుందా? ఒకప్పుడు సరిపోయేది. ఇప్పటి డిస్కుల్లో బోర్డు మీద ఎనిమిది కాళ్ళ చిన్న చిప్ ఒకటి ఉంటుంది (కొన్నిటిలో పెద్ద చిప్‌లోనే కలిసి ఉంటుంది), అందులో ఆ ఒక్క డిస్క్ హెడ్లకి సంబంధించిన సర్దుబాట్లు ఉంటాయి. బోర్డు మారిస్తే ఆ చిప్‌ని కూడా తీసి కొత్త బోర్డుకి అతికించాలి. ఇంకా, వెస్ట్రన్ డిజిటల్ వాళ్ళ మై పాస్‌పోర్ట్ లాంటి యూఎస్‌బీ డిస్కుల్లో చాలావాటికి, మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా, బోర్డే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే రహస్య లిపిలోకి మార్చి, రాస్తుంది. అందుకని పాత బోర్డు, డబ్బా, కేబుల్ దేన్నీ పారేయకండి. ల్యాబ్‌కి అన్నీ ఇవ్వండి.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే విషయానికి వస్తాను. "నో డేటా, నో ఛార్జ్."

ప్రతి రికవరీ షాపు బోర్డు మీదా ఇదే. మనవాళ్ళు ఇది చూడగానే "పోయేదేముంది, రాకపోతే డబ్బులివ్వక్కర్లేదుగా" అని చేతిలో పెట్టేస్తారు. నేనూ పెట్టాను. మా బావమరిది డిస్క్, ఒక టెరాబైట్, మంచం మీద నుంచి జారి పడింది. ఇంటికి దగ్గర్లో ఉన్న షాపులో ఇచ్చాం. అతను నవ్వుతూ "ఒకసారి పెట్టి చూస్తాను సార్, రాకపోతే రూపాయి వద్దు" అన్నాడు. మూడో రోజు ఫోన్ చేసి రాలేదన్నాడు. మాట మీద నిలబడ్డాడు, నిజంగానే రూపాయి తీసుకోలేదు. డిస్క్ పట్టుకుని వేరే ఊళ్ళో ఒక ల్యాబ్‌కి వెళ్ళాం. అక్కడి కుర్రాడు దాన్ని కంప్యూటర్‌కి పెట్టనే లేదు. దీపం కింద పెట్టి, లేబుల్ మీద బొటనవేలితో నెమ్మదిగా తడుముతూ వెళ్ళి ఒకచోట ఆగాడు. అగ్గిపుల్ల తలకాయంత చిల్లు. "ఇక్కడ లేబుల్ కింద ఒక స్క్రూ ఉంటుంది సార్. మూత తీయాలంటే ఇది విప్పాలి. ఎవరో పొడిచి విప్పారు." తర్వాత వాళ్ళ అద్దాల బల్లలో మూత తీసి మమ్మల్ని పిలిచి చూపించాడు. అద్దంలా మెరవాల్సిన పళ్ళెం మీద గుండ్రంగా, సన్నగా, బూడిద రంగులో ఒక గీత. గీత పడినచోట ఉన్న డేటా పొడి అయిపోయి అదే డబ్బాలో తిరుగుతోంది. ఆ మొదటి షాపు అతను దుర్మార్గుడని నేననుకోను. తెలియక తెరిచాడు, మళ్ళీ మూసి కరెంటిచ్చాడు. కానీ చూడండి, అతనికి పోయింది ఒక మధ్యాహ్నం, మాకు పోయింది డిస్క్. ఛార్జ్ లేదన్న మాటకి అర్థం అతని వైపు రిస్క్ లేదని. మన వైపు ఉన్న రిస్క్ గురించి ఆ బోర్డు ఏమీ అనలేదు.

అందుకే అడగాల్సింది రాకపోతే ఎంత అని కాదు, "చూడటానికి" ఏం చేస్తారు అని. తెరుస్తారా? ఎక్కడ తెరుస్తారు? తెరిచేముందు ఫోన్ చేస్తారా? నేను వద్దంటే డిస్క్ ఏ స్థితిలో తిరిగిస్తారు?

"నో డేటా, నో ఛార్జ్" అన్న నాలుగు మాటల్లో "డేటా" అనే మాట కూడా తేలిక కాదు. నలభై వేల ఫైళ్ళు వచ్చాయంటారు, చూస్తే అందులో సగం విండోస్ బొమ్మలు, బ్రౌజర్ చెత్త. పేర్లన్నీ వచ్చి ఒక్క వీడియో తెరుచుకోకపోయినా అది వాళ్ళ లెక్కలో డేటానే. కాబట్టి డేటా అంటే ఏమిటో మీరే రాసివ్వండి: ఫలానా ఫోల్డర్లో ఉన్న ట్యాలీ ఫైళ్ళు తెరుచుకోవాలి, ఫలానా తేదీల ఫోటోలు కనపడాలి. ఇక "ఛార్జ్" సంగతి. పరీక్ష ఫీజు వేరు అంటారు, విడిభాగాల కోసం కొనే డోనర్ డిస్క్ ఖర్చు వేరు, అది వాపసు రాదంటారు, తిరిగి పంపే కొరియర్ వేరు అంటారు. ఇవి ఉండటం తప్పు కాదు, డోనర్ ఖర్చు నిజంగానే ఉంటుంది. తర్వాత చెప్పడం తప్పు. అన్నిటికన్నా ఘోరం డేటా వచ్చాక రేటు మారడం. పన్నెండు వేలన్నవాడు మీ పాప పుట్టినరోజు ఫోటోలు స్క్రీన్ మీద చూపించి, కేసు కష్టమైంది, ముప్పై అవుతుంది అంటే మీరు కాదనగలరా? ఆ గరిష్ఠ మొత్తం ముందే వాట్సాప్‌లోనైనా రాతలో తీసుకోండి.

క్లీన్ రూమ్ గురించి నేను పెద్దగా పట్టించుకోను. ఉండాలి, కాదనను. దాని శుభ్రతకి కొలత ఐఎస్ఓ క్లాస్ 5, పాత పేరు క్లాస్ 100, ఘనపు అడుగు గాలిలో అర మైక్రాన్, ఆపై ధూళి రేణువులు వందకు మించకూడదు. అందుకు గది మొత్తం అక్కర్లేదు, వడగట్టిన గాలి వీచే బల్ల ఒకటి చక్కగా ఉన్నా చాలు. వెబ్‌సైట్‌లో తెల్ల బట్టలేసుకున్న మనుషుల ఫోటో మాత్రం ఎవరైనా పెట్టొచ్చు. పీసీ-3000 ఉందా అని అడగండి, ఈ పనిలో అందరూ చెప్పుకునే యంత్రం అదే. ఉందన్నంత మాత్రాన పని వచ్చని కాదు. వీణ కొన్నవాళ్ళందరూ వాయించరు.

నేను వాడే అడ్డదారి ఒకే ప్రశ్న: "డోనర్ హెడ్లు ఏం చూసి మ్యాచ్ చేస్తారు?" డోనర్ అంటే అదే రకం మంచి డిస్క్, దాని హెడ్లు తీసి మీ డిస్క్‌లో పెడతారు. పని తెలిసినవాడు విసుగ్గా, గబగబా చెప్తాడు: మోడల్, ఫర్మ్‌వేర్, తయారైన తేదీ, సీగేట్ అయితే సైట్ కోడ్, వెస్ట్రన్ డిజిటల్ అయితే లేబుల్ మీద డీసీఎం నంబర్, అయినా ముందు డిస్క్ చూడాలి అంటాడు. తెలియనివాడు "అన్నీ మన దగ్గర ఉన్నాయి సార్, మీరు తెచ్చేయండి" అంటాడు. ఫోన్లోనే 99 శాతం గ్యారంటీ అన్నవాడికి దండం పెట్టి పెట్టేయండి. టక్ టక్ డిస్క్‌కి సాయంత్రానికల్లా ఇచ్చేస్తామన్నా అంతే. ఆరోగ్యంగా ఉన్న డిస్కే సెకనుకు వంద మెగాబైట్ల చొప్పున ఒక టెరాబైట్ చదవడానికి దాదాపు మూడు గంటలు తీసుకుంటుంది, జబ్బు డిస్క్‌కి రోజులు పట్టొచ్చు.

నాకు నచ్చేది ఎదురు ప్రశ్నలేసే మనిషి. పడిందా? ఎంత ఎత్తు నుంచి? ఆ తర్వాత ఎన్నిసార్లు పెట్టారు? ఎవరైనా తెరిచారా? వీటికి నిజం చెప్పండి. మొన్న ఒకరు ఫ్రీ సాఫ్ట్‌వేర్ రాత్రంతా నడిపిన సంగతి ల్యాబ్‌లో దాచారట, తిడతారని. తిట్టనివ్వండి.

ల్యాబ్ ఎక్కడుందో కూడా అడగాలి. ఊరూరా బోర్డు ఉంటుంది, చాలాచోట్ల అది డిస్కులు పోగేసి వేరే నగరానికి పంపే కౌంటర్ మాత్రమే. అందులో మోసం లేదు, కానీ మీ డిస్క్ రెండుసార్లు ప్రయాణం చేస్తుంది, ప్యాకింగ్ ఎవరిదో తెలియాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి డిస్క్ పోగానే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ షాపుల సముదాయం గుర్తొస్తుంది. డోనర్ కోసం పాత డిస్కులు వెతకాలంటే నేనూ అక్కడికే వెళ్తాను, అయితే డిస్కులు అమ్మే కౌంటరూ, డిస్కులు తెరిచే చెయ్యీ ఒకటే కానక్కర్లేదు. పెద్ద సైజు డిస్కుల్లో చాలావాటిలో గాలి బదులు హీలియం నింపి సీల్ చేస్తారు. మీది అలాంటిదైతే ఫోన్లోనే ఆ మాట చెప్పి, చేస్తారా లేదా కనుక్కోండి.

ఇచ్చేముందు లేబుల్, స్క్రూలు, బోర్డు మూడూ దగ్గరగా ఫోటోలు తీయండి. రసీదు మీద సీరియల్ నంబర్ ఉండాలి, "తెరవలేదు" అని రాయించాలి. వచ్చిన డేటా వేరే డిస్క్‌లో తీసుకోవాలి, వాళ్ళ దగ్గర మిగిలే కాపీ ఎన్ని రోజులుంచి చెరిపేస్తారో అడగాలి. ఆడిటర్లకి, ఫోటో స్టూడియోల వాళ్ళకి ఇది మరీ ముఖ్యం, అందులో ఉన్నది మీ డేటా కాదు, మీ కస్టమర్లది.

అభ్యాసం. డిస్క్ పోనివాళ్ళు కూడా చేయాలి, పోయినవాళ్ళు ఫోన్ ఎత్తేముందు చేయాలి. ఒక తెల్ల కాగితం మీద మీ డిస్క్ మోడల్, సీరియల్, తేదీ, లేబుల్ మీదున్న మిగతా కోడ్లు అన్నీ చేత్తో ఎక్కించండి. దాని కింద, ఆ డిస్క్‌లో ఇంకెక్కడా లేని ఫోల్డర్లు గుర్తు తెచ్చుకుని రాయండి, డిస్క్‌ని కంప్యూటర్‌కి పెట్టి చూడకుండా. ఒక్కో ఫోల్డర్ పక్కన, అది తిరిగి రావడానికి మీరు ఎంత ఇస్తారో అంకె వేయండి. సున్నా వేయడానికి మొహమాటపడకండి. చివర్న మొత్తం కూడండి, అదే మీ గరిష్ఠ మొత్తం. మూడు చోట్లకి ఫోన్ చేసి డోనర్ ప్రశ్న అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. నాకు పంపితే ఆ కాగితం ఫోటో పంపండి. ఆడియో వద్దు.