కారు యాక్సిడెంట్‌లో దెబ్బలు తగిలితే నష్టపరిహారం ఎలా అడగాలి?

సింగరాయకొండ దగ్గర హైవే మీద మా బావమరిది కారును లారీ గుద్దింది. కాలు విరిగింది. ఆస్పత్రిలో చేర్పించిన బంధువు, పోలీసు కేసు గొడవ మనకెందుకులే అని, "మెట్ల మీద జారి పడ్డాడు" అని చెప్పేశాడు. డ్యూటీ డాక్టరు అదే రాసుకున్నాడు. రెండేళ్ల తర్వాత ఒంగోలు కోర్టులో ఇన్సూరెన్స్ లాయరు ఆ ఒక్క లైను పట్టుకుని మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టాడు.

అందుకే మొదటి పని ఇది: క్యాజువాలిటీలో జరిగింది జరిగినట్టు చెప్పండి. ఏ బండి గుద్దింది, ఎక్కడ, ఎన్నింటికి అన్నది రాయించి, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసుగా, నమోదు చేయమనండి. తర్వాత డాక్టరు గాయాల వివరాలు రాసి పోలీసులకు ఇచ్చే ఊండ్ సర్టిఫికెట్‌కు ఆధారం ఆ రాతే.

స్పాట్‌లో ఉన్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి. నేషనల్ హైవే అయితే 1033కి కూడా చేయొచ్చు. బండ్లు పక్కకు తీయకముందే నంబరు ప్లేటు కనపడేలా నాలుగు ఫొటోలు తీయండి. సాయం చేసినవాళ్లు పేరు చెప్పి తీరాలన్న రూలేమీ లేదు, చట్టం వాళ్లకు రక్షణ ఇచ్చింది. కేంద్రం 2025లో తెచ్చిన క్యాష్‌లెస్ పథకం కింద, గుర్తించిన ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా వైద్యం ఉచితం. అడ్మిషన్ కౌంటర్లోనే దాని గురించి అడగండి.

తర్వాత స్టేషన్‌కు వెళ్లి ఎఫ్ఐఆర్. ఫిర్యాదు చేసినవాళ్లకు కాపీ ఫ్రీగా ఇవ్వాలి. అవతలి బండి యజమాని మనిషిని పంపి, "యాభై వేలు ఉంచండి, కాగితం మీద సంతకం పెట్టండి" అంటాడు. మంచాన ఉన్న మనిషికి డబ్బు అవసరమే, కానీ ఆ కాగితంలో ఏముందో లాయరుకు చూపించకుండా సంతకం మాత్రం పెట్టొద్దు.

క్లెయిమ్ వేసేది మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్లో. నెల్లూరు, ఒంగోలు జిల్లా కోర్టుల్లోనే అది ఉంటుంది. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు ఉండే చోట వేసుకోవచ్చు. అంటే చెన్నై దారిలో దెబ్బ తగిలిన కావలి మనిషి తమిళనాడు కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు. గడువు మాత్రం ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. 2022 ఏప్రిల్ నుంచి ఈ రూలు అమల్లో ఉంది. కట్టు విప్పాక చూద్దాంలే అనుకుంటే ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి.

ఎంత వస్తుంది? అందరూ అడిగేది ఇదే. చీమకుర్తి క్వారీలో నెలకు 15 వేలు సంపాదించే 38 ఏళ్ల మనిషిని తీసుకోండి. సంపాదించే శక్తి 20 శాతం పోయిందని కోర్టు నమ్మితే, ఏడాది ఆదాయం 1,80,000ను ఆ వయసుకు సుప్రీంకోర్టు చెప్పిన 15తో గుణించి, అందులో 20 శాతం లెక్కేస్తారు. 5,40,000 అవుతుంది. ఆస్పత్రి ఖర్చు, నొప్పి, బాధకు ఇచ్చేది వేరే. ఇక్కడ మెలిక ఉంది. డాక్టరు కాలికి రాసిన వైకల్యం శాతం, సంపాదన నష్టం శాతం ఒకటి కావు. అదే కాలి దెబ్బతో కూర్చుని లెక్కలు రాసే గుమాస్తా పని ఆగకపోవచ్చు, రాళ్లు మోసేవాడి పని మాత్రం ఆగిపోతుంది. కాబట్టి మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌తో పాటు మీరు చేసే పనికి, జీతానికి రుజువులు పెట్టాలి. బిల్లులు ఒరిజినల్సే దాచండి. మందుల షాపు రసీదుల మీద అక్షరాలు వెలిసిపోతాయి, ఆ రోజే జిరాక్స్ తీయించండి.

తప్పు ఎవరిదో తేల్చకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే మోటారు వాహనాల చట్టం 164 సెక్షన్ కూడా ఉంది. ఆ డబ్బు ఒప్పుకుని తీసుకుంటే ట్రైబ్యునల్లో వేసిన పిటిషన్ చెల్లకుండా పోతుంది. త్వరగా కోలుకునేవాళ్లకు కాదు గానీ, జీవితాంతం కుంటాల్సిన మనిషికి అది తక్కువేనని నా అభిప్రాయం. గుద్దిన బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ కింద తీవ్ర గాయానికి 50 వేలు, ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి.

మా బావమరిది కేసు చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది. అనుకున్నదాని కంటే తక్కువకే ఒప్పుకున్నాం. ఆ మెట్ల కథ మెడకు చుట్టుకుంది మరి.