ఫ్యూజన్‌లో పిస్టన్ ఆడాలంటే ఏ జాయింట్ ఎక్కడ?

త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఆటోడెస్క్ ఫ్యూజన్‌లో జాయింట్ (రెండు భాగాలు ఒకదానికొకటి ఎలా కదలాలో చెప్పే బంధం) కాంపొనెంట్ల మధ్యే, అంటే విడిగా కదలగల భాగాల మధ్యే పనిచేస్తుంది. కాబట్టి ముందు ప్రతి బాడీనీ (గీసిన ఘన ఆకారాన్నీ) కాంపొనెంట్‌గా మార్చి, సిలిండర్ బ్లాక్‌ను గ్రౌండ్ చేయండి, అంటే కదలకుండా బిగించండి. అది మరిచిపోతే క్రాంక్ లాగినప్పుడు బ్లాక్ కూడా వెంట వచ్చేస్తుంది.

జాయింట్ కమాండ్ కోసం కీబోర్డులో జె నొక్కండి. మొదట ఎంచుకున్నదే కదిలి రెండోదానికి అతుక్కుంటుంది. అందుకే క్రాంక్ ముందు, బ్లాక్ తర్వాత. రకం రివల్యూట్, అంటే ఒక అక్షం చుట్టూ తిరిగేది. రంధ్రం అంచు పట్టుకుంటే కేంద్రం దొరుకుతుంది. క్రాంక్‌కీ, దాన్ని పిస్టన్‌తో కలిపే రాడ్‌కీ మధ్య కూడా రివల్యూటే. పిస్టన్‌కు, బ్లాక్‌కు మధ్య స్లైడర్ (సూటిగా జరిగే జాయింట్), బోరు అంటే సిలిండర్ రంధ్రం అక్షం వెంట.

చిక్కంతా చివర్లో, రాడ్-పిస్టన్ దగ్గర. రివల్యూట్ తిరగనిస్తుందే తప్ప అక్షం వెంట జరగనివ్వదు. రాడ్ అర మిల్లీమీటరు పక్కకున్నా బ్లాక్-క్రాంక్-రాడ్-పిస్టన్ లూప్ కలవక ఎర్రర్ వస్తుంది. అక్కడ తిరగడంతో పాటు అక్షం వెంట జరగనిచ్చే సిలిండ్రికల్ పెట్టండి, ఆ తేడా సర్దుకుంటుంది. భాగాలు ఇప్పటికే సరైన చోట ఉంటే, వాటిని జరపకుండా ఉన్నచోటే కలిపే యాజ్-బిల్ట్ జాయింటే మేలు.

క్రాంక్ త్రో (క్రాంక్ తిరిగే కేంద్రం నుంచి రాడ్ తగిలే పిన్ దాకా దూరం) 30 మి.మీ. అయితే స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే మొత్తం దూరం 60. స్లైడర్‌కు అంతకన్నా తక్కువ లిమిట్ (కదలిక హద్దు) ఇస్తే క్రాంక్ మధ్యలో ఆగిపోతుంది. నిజానికి ఇక్కడ లిమిటే అక్కర్లేదు. రాడ్ పొడవు 100 మి.మీ. అనుకుంటే, పిస్టన్ పై కొసన ఉన్నప్పటి నుంచి, జాయింట్‌ను కావలసినంత కదిలించే డ్రైవ్ జాయింట్స్ కమాండ్‌తో క్రాంక్‌ను 90 డిగ్రీలు తిప్పి కొలవండి: పిస్టన్ 30 కాదు, సుమారు 34.6 మి.మీ. దిగాలి.